ఖబ్జా

ఇరవై ఏళ్లుగా తెలుగు పేపర్లో ‘కబ్జా’ అని రాస్తూనే ఉన్నాను. చెరువు కబ్జా, ఖబ్రస్తాన్ కబ్జా, వక్ఫ్ జమీన్ కబ్జా. మల్లేపల్లి గల్లీలో డెంటింగ్ ఉస్తాద్ దగ్గర ఆ లఫ్జ్‌కి మతలబ్ వేరు. అక్కడ ఖబ్జా అంటే తలుపుని పట్టుకుని ఉండే మడత బందు. ఉర్దూ మీడియం పిల్లగాణ్ని కాబట్టి రెండూ ఎరుకే. కానీ రెండింటినీ పక్కపక్కన పెట్టి సోచాయించింది అబ్బా అంబాసిడర్‌కి తలుపులు ఎక్కించేటప్పుడే.

ఉత్తర్‌పారా కార్ఖానాలో అంబాసిడర్ తయారీ 2014లో బంద్ అయింది. అబ్బా ఇంతెఖాల్ తర్వాత మా బండి నా వాకిట్లోనే టార్పాలిన్ కింద ఉండిపోయింది. చాబీ నా దగ్గరే. చుట్టాలంతా నాదే అనుకున్నారు. కానీ ఖబ్జాలో ఉన్నంత మాత్రాన మిల్కియత్ అయిపోదు కదా! అది తర్కా. అందుకే పానా పట్టకముందే ఖీమత్ కట్టించి, కాయితం మీద హిసాబ్ రాశాను. అమ్మీకి ఎనిమిదో వంతు. మిగిలినదాంట్లో భాయీజాన్‌కీ నాకూ రెండేసి హిస్సాలు, ఆపాకి ఒకటి.

జిద్దా నుంచి భాయీజాన్ నవ్వాడు, ‘‘పాత డబ్బాకి హిసాబ్ ఏందిరా?’’ అని. ఆపా నవ్వలేదు. ఫోన్లో కాసేపు ఖామోష్‌గా ఉండి, ‘‘మైకేలో నాకూ ఒక హిస్సా ఉందని ఇన్నేళ్లకి ఎవరో ఒకరు లెక్క కట్టారు భయ్యా’’ అంది. పైసలు చిన్నవే. ఆ మాట చిన్నది కాదు.

ఇక పని. బండిని నాలుగు చక్రాల మీద సమంగా నిలబెట్టాకే తలుపు ముట్టుకోవాలన్నాడు ఉస్తాద్. స్టాండ్ మీద బాడీ కాస్త వంగి ఉన్నా కొలతలు ఝూట్ చెప్తాయట. నేను ముందు తలుపు ఎత్తబోతే ఆపాడు.

‘‘నక్కో మియా, పీఛేసే షురూ కరో.’’

వెనక తలుపు చుట్టూ ఉన్నది బాడీ. అది కదలదు. కదలనిదాన్ని బట్టి వెనక తలుపు, దాన్ని బట్టి ముందు తలుపు, దాన్ని బట్టి ముందు మడ్‌గార్డ్, చివరికి బానెట్. మడ్‌గార్డ్ బోల్టుల మీద ఉంటుంది, జరుపుకోవచ్చు. ముందునుంచి మొదలుపెడితే తప్పంతా జరిగి జరిగి వెనక తలుపు దగ్గర పోగవుతుంది. అక్కడ సర్దడానికి జాగా ఉండదు. అప్పుడిక లప్పం పూసి దాచడమే.

ఖబ్జా బోల్టులు సగమే బిగించి, తలుపు కింద చెక్కముక్కతో జాకీ పెట్టి, పైనుంచి కిందిదాకా సందు ఒకేలా వచ్చేవరకు ఎత్తుతూ దించుతూ ఉన్నాం. లాక్ పడే పట్టీని ముందే ఊడదీశాడు. అది ఉంటే తలుపుని తనవైపు లాక్కుని, సరిగ్గానే కూర్చున్నట్టు ధోకా ఇస్తుందట. నాలుగూ కుదిరాక ఖబ్జాల చుట్టూ గీతలు గీసి, అన్నీ మళ్లీ విప్పేశాం. రంగు ఆ తర్వాతే. రంగు ఆరాక గీతల మీదే మళ్లీ ఎక్కించాం. కొత్త రబ్బర్ బీడింగ్‌తో తలుపులు మొదట గట్టిగా పడ్డాయి. ‘‘ఖబ్జాని ముట్టుకోకు, రబ్బర్ తనే దబ్‌తుంది’’ అన్నాడు. పది రోజుల్లో దబింది.

ఇప్పుడు అబ్బా ఇల్లు తఖ్సీమ్ చేయాలి. ఎవరికి ఏ గది, ఎవరికి వాకిలి అని భాయీజాన్, నేనూ మాట్లాడుకుంటున్నాం. అవన్నీ జరిపేవే. ఆపా హిస్సా ముఖర్రర్, అది కదలదు. కొలత అక్కణ్నుంచే మొదలు కావాలి.