ఆల్బమ్‌లో అమ్మ ఏదీ?

వేసవి సెలవులొచ్చాయంటే ఎల్బీనగర్ చౌరస్తాలో తెల్లవారకముందే సందడి మొదలవుతుంది. విజయవాడ, ఖమ్మం, నాగార్జునసాగర్ వైపు వెళ్లే బస్సుల కోసం బ్యాగులు, నీళ్ల సీసాలు, నిద్రకళ్ల పిల్లలతో కుటుంబాలు ఎదురుచూస్తుంటాయి. టూరులో మొదటి ఫొటో పడేదీ అక్కడే. ‘అందరూ సామాన్ల దగ్గరికి రండి... రెడీ!’ అంటాడు నాన్న. క్లిక్! సగం మంది కళ్లు మూసుకుంటారు. అమ్మేమో వంగి బ్యాగు జిప్పు వేస్తూ ఉంటుంది.

నాలుగు రోజుల తర్వాత తిరిగొచ్చి చూసుకుంటే ఫోన్‌లో వందల ఫొటోలు. డ్యామ్ ఉంది, గుడి గోపురం ఉంది, హోటల్లో తిన్న దోసె కూడా ఉంది. మనుషులే... ఎక్కడో దూరంగా అగ్గిపుల్లల్లా కనిపిస్తారు. ముప్ఫై ఆరు ఫొటోల రీలు ఉన్న రోజుల్లో బటన్ నొక్కే ముందు పదిసార్లు చూసుకునేవారు. ఇప్పుడు ఆ భయం లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

టూరుకి ముందు ఒక్క ఆదివారం సొంత ఏరియాలోనే సాధన చేస్తే ఈ తిప్పలు చాలావరకూ తప్పుతాయి. 2018 సెప్టెంబరు నుంచి ఎల్బీనగర్‌కి మెట్రో ఉంది. పొద్దున్నే ఎక్కి, దిల్‌సుఖ్‌నగర్ దాటి మూసారాంబాగ్‌లో దిగితే ఆ దగ్గర్లోనే గుట్ట మీద రేమండ్ సమాధి. రెండో నిజాం కొలువులో పనిచేసి 1798లో కన్నుమూసిన ఫ్రెంచి సేనాని ఆయన. జనం ‘మూసా రాం’ అని పిలుచుకున్నారు. మూసారాంబాగ్ అన్న పేరు అలా వచ్చిందే. అక్కడి నల్లరాతి స్తంభం దాదాపు ఏడు మీటర్ల ఎత్తు. అందరూ దాని మొదట్లో నిలబడతారు. కొస కూడా పడాలని ఫొటో తీసేవాళ్లు వెనక్కి వెనక్కి వెళతారు. స్తంభం పడుతుంది, మొహాలు పోతాయి! స్తంభాన్ని దాని మానాన వదిలేసి, మనుషుల్నే ఓ ఇరవై అడుగులు కెమెరా వైపు నడిపించాలి. ఫోన్‌ని నడుము ఎత్తులో పట్టుకుంటే రాయీ నిండుగా వస్తుంది, నవ్వూ కనిపిస్తుంది. వెనక ఆకాశం మెరిసిపోతుంటే మొహాలు నల్లబడతాయి. తెర మీద మొహం ఉన్నచోట వేలితో తాకితే ఫోన్ వెలుతురు సర్దుకుంటుంది. పది దాటాక ఎండ నడినెత్తికి ఎక్కుతుంటుంది, కళ్ల కింద నీడలు పడతాయి. అందుకే పొద్దున్నే వెళ్లమనేది. అన్నట్టు, లెన్సు మీది జిడ్డు తుడిచారా?

ఎల్బీనగర్‌కి రెండో వైపు, విజయవాడ రోడ్డులో వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి. పద్నాలుగు చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న ఈ పచ్చని చోటు కృష్ణజింకలకు ఇల్లు. మెలితిరిగిన కొమ్ములు, నల్లటి వీపు ఉంటే మగది. దూరాన జింక కనబడగానే ఫోన్‌ని జూమ్ చేస్తారు. తీరా చూస్తే గడ్డిలో గోధుమరంగు మచ్చ! అంతకంటే, జింకను మొదటిసారి చూస్తున్న పిల్లాడి మొహాన్ని తీస్తే మంచిది. అది మళ్లీ దొరకదు.

దొరకనివి ఇంకా ఉన్నాయి. కొత్తపేట పండ్ల మార్కెట్‌నే తీసుకోండి. ఎండాకాలం వస్తే మామిడికాయల గుట్టలు, లారీలు, హమాలీల కేకలు. రోజూ ఆ పక్కనుంచే వెళ్లినవాళ్లలో దానికి ఫొటో తీసుకున్నదెందరు? 2021లో మార్కెట్ బాటసింగారానికి తరలిపోయింది. టూరులోనూ అంతే. గోపురం ఫొటో ఎవరి దగ్గరైనా దొరుకుతుంది. బస్సు కిటికీకి తల ఆనించి నిద్రపోయిన నాయనమ్మ ఫొటో మాత్రం ఆ ఇంటివాళ్లు తీసుకుంటేనే ఉంటుంది.

ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో స్త్రీల కోసమే జనానా స్టూడియో తెరిచారు. పరదా చాటు ఆడవాళ్లు కూడా నిశ్చింతగా కూర్చుని ఫొటో తీయించుకునేందుకు ఆ ఏర్పాటు. ఇప్పుడు పరదాల్లేవు, ఇంటికి నాలుగు కెమెరాలున్నాయి. అయినా చాలా ఇళ్లలో అమ్మ ఫొటోలు లెక్కపెడితే వేళ్లు మిగిలిపోతాయి. ఉన్నవాటిలోనూ చేతిలో చెప్పుల సంచీయో, చంటిపిల్ల పాలసీసానో. పెద్దవాళ్లు కన్నుమూసిన రోజున దండ వేయడానికి ఫొటో కోసం ఇల్లంతా వెతికి, చివరికి ఎవరిదో పెళ్లి గ్రూపు ఫొటోలోంచి మొహం కత్తిరించి పెద్దది చేయించిన ఇళ్లెన్ని లేవు! మసకబారిన ఆ మొహాన్నే ఏళ్లతరబడి గోడ మీద చూసుకోవాలి.

కాబట్టి సాధనలో చివరి పాఠం సాయంత్రం సరూర్‌నగర్ చెరువు గట్టున. పొద్దు వాలుతుంటే వెలుతురు మెత్తబడుతుంది, ఎవరి మొహమైనా కళగా వస్తుంది. అప్పుడు ఫోన్‌ని నాన్న చేతిలోంచి తీసి ఎనిమిదేళ్ల పిల్ల చేతికివ్వాలి. ఆ ఎత్తు నుంచి లోకం వేరేగా ఉంటుంది. ‘అమ్మా, ఇటు చూడు’ అనక్కర్లేదు. పల్లీలు పంచుతూ ఏదో మాటకి ఆవిడే నవ్వుతుంది, అప్పుడు నొక్కితే సరి. ఇంటికొచ్చాక పనికిరానివి చెరిపేసి, మిగిలినవాటిలో పదింటికైనా ప్రింట్లు వేయించుకోవాలి. అమ్మ తన ఫొటో చూసి ‘ఛీ, జుట్టంతా చెదిరిపోయింది, తీసేయవే’ అంటుంది.

ఆ ఒక్క మాటా వినకండి.