పోయిన దోస్తు గిటార్

బొగ్గు బాయి పనికి పోయే మనిషి నాడి చూసేటప్పుడు అరచెయ్యి కూడా చూడాలి. వేళ్ల మొదళ్లలో ఉండే కాయలు పనిముట్లవి. తట్టా చెమ్మస్ కాలం పోయి యంత్రాలు వచ్చినా సపోర్టు పనిలో, హాలేజీలో చేతులు ఇంకా అరుగుతూనే ఉన్నాయి. కొందరికి వీటితో పాటు ఎడమచేతి నాలుగు వేళ్ల కొసల మీద చిన్న కాయలుంటాయి, బొటనవేలికి ఉండవు. అవి గిటార్ తీగలు పెట్టినవి. రెండింటికీ ఒక తేడా ఉంది. నౌకరీ ఉన్నన్నాళ్లూ అరచేతి కాయలు ఉంటాయి. వాయించడం ఆపితే మాత్రం వేలి కొసలు కొన్ని వారాల్లోనే మెత్తబడతాయి, కొన్ని నెలల్లో మామూలు చర్మమైపోతాయి. గోదావరిఖనిలోనో, యైటింక్లయిన్ కాలనీలోనో నలభై దాటిన కార్మికుడు వచ్చి "కడుపుల మంట, గుండె దడ, నైట్ షిఫ్ట్ దిగినంక గూడ నిద్ర పడ్తలేదు సార్" అంటాడు. ఈసీజీ బాగుంటుంది, షుగరు, థైరాయిడ్ సక్రమంగా ఉంటాయి. గ్యాసు మాత్రలు అప్పటికే రెండు మూడు చోట్ల రాయించుకుని ఉంటాడు. మెత్తబడుతున్న వేలి కొసలు చూసి "ఏం వాయిస్తరు?" అని అడిగితే "వాయించేటోన్ని, బంద్ చేసిన" అనే జవాబు వస్తుంది. ఎందుకని అడిగితే బ్యాండులో తోటివాడు పోయాడనీ, అతని గిటార్‌ను ఇంటివాళ్లు తనకే ఇచ్చారనీ, అది సజ్జ మీద ఉందనీ ఒక్కొక్కటే బయటపడుతుంది. ఇక్కడ చెప్పే కేసుల్లో ఏ ఒక్కరి ఆనవాళ్లూ లేవు, ఒకే తీరువి కలిపి చెబుతున్నాను. వీటిని చూశాక నాకొక అభిప్రాయం స్థిరపడింది. పోయినవాడి వాద్యం చేతికొచ్చిన మనిషికి అది మందవుతుందా పుండవుతుందా అన్నది మోగడాన్ని బట్టి ఉంటుంది. మోగితే ఎవరి మధ్య మోగుతోంది అన్నదాన్ని బట్టి కూడా.

బొగ్గు ప్రాంతంలో గిటార్ ఏమిటని బయటివాళ్లకు అనిపించవచ్చు. ఇక్కడ డప్పుకూ ఢోలక్‌కూ ఉన్న పేరు గిటార్‌కు లేదు, నిజమే. అయినా చర్చి క్వయర్లలో, వినాయక మండపాల ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు పక్కన అది ఎప్పటినుంచో ఉంది. 1920 డిసెంబర్ 23న ఇక్కడి బొగ్గు కంపెనీకి సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చింది కాబట్టి ఏటా ఆ రోజు జరిగే సింగరేణి డే వేదిక కూడా ఇలాంటి బృందాలకు ఒక మజిలీ. ఈ బృందాల రిహార్సల్ గడియారాన్ని బట్టి నడవదు, షిఫ్టును బట్టి నడుస్తుంది. ఒకరు సెకండ్ షిఫ్ట్ దిగేసరికి రాత్రి పదకొండు దాటుతుంది, ఇంకొకరు అదే వేళకు నైట్ షిఫ్ట్‌కు మస్టర్ పడాలి. ఆ సందులో దొరికిన గంటను పదేళ్లో పదిహేనేళ్లో పంచుకున్న మనుషుల మధ్య ఏర్పడేది ఉత్త పరిచయం కాదు. అందులో ఒంటికి సంబంధించిన భాగం కూడా ఉంది. కలిసి పాడేవాళ్ల శ్వాస ఒక లయకు వస్తుంది, దానితో పాటు గుండె వేగం కూడా కలిసి హెచ్చుతగ్గులవుతుంది. స్వీడన్‌లో బ్యోర్న్ విక్‌హాఫ్ బృందం 2013లో దీన్ని కొలిచి చూపింది. పైగా భూమి లోపల ఒకే గ్యాంగులో పనిచేసినవాళ్లే బయట ఒకే బ్యాండులో ఉన్నప్పుడు, పైకప్పు శబ్దం వినే చెవీ తోటివాడి శ్రుతి వినే చెవీ ఒకటే. అలాంటి వాడు పోతే లోటు మనసుకే కాదు, ఒంటికి కూడా తెలుస్తుంది. గుండె దడ అని వచ్చినవాడు నటించడం లేదు.

అయితే ఈ లోటుకు ఎక్కడా కాగితం లేదు. సింగరేణిలో వారసత్వం అంటే మొదట గుర్తొచ్చేది నౌకరీ. తండ్రి పోతేనో మెడికల్ అన్‌ఫిట్ అయితేనో కొడుక్కి ఉద్యోగం రావడం కోసం ఇక్కడ ఎన్ని సమ్మెలు, ఎన్ని ఎన్నికల హామీలు నడిచాయో అందరికీ తెలుసు. బొగ్గు గనుల భవిష్యనిధి సీఎంపీఎఫ్‌లో నామినీ ఉంటాడు, గ్రాట్యుటీకి వారసుడు ఉంటాడు. బ్యాండు తోటివాడికి ఏ గడీ లేదు, ఉండాలని కూడా ఎవరూ అనరు. కర్మకాండలోనూ అంతే. దోస్తు పాడె మోస్తాడు, డప్పు వెంట నడుస్తాడు. మూడోనాడు పిట్టకు ముద్ద పెట్టేది ఇంటివాళ్లు, మైల పట్టేది పాలివాళ్లు, ఇంటివాళ్లను నిద్ర చేయించడానికి తీసుకుపోయేది చుట్టాలు. శ్మశానం దాటాక దోస్తుకు చేయడానికి ఏ పనీ మిగలదు. మర్నాడు ఫస్ట్ షిఫ్ట్‌కు హాజరు కావాలి, 'మా గిటారిస్టు పోయిండు' అని లీవు అడిగితే నవ్విపోతారు. సమాజం గుర్తించని ఇలాంటి శోకం గురించి అమెరికాలో కెన్నెత్ డోకా 1989లోనే ప్రత్యేకంగా రాశాడు. గుర్తింపు లేకపోయినా ఒంటికి నష్టం తగ్గదు. ఆప్తుల మరణం తర్వాత తొలి 24 గంటల్లో గుండెపోటు ముప్పు మామూలు కన్నా దాదాపు 21 రెట్లు ఉందని, రోజులు గడిచేకొద్దీ తగ్గుతూ వచ్చిందని 2012లో అమెరికా పరిశోధకులు తేల్చారు. గుండెకు వంశవృక్షం తెలియదు.

ఇలా వచ్చినవాడికి మనం ఇచ్చే సలహా ఏమిటి? 'మరిచిపో, ఆ వస్తువులు కళ్ల ముందు పెట్టుకోకు.' చుట్టాలూ ఇదే అంటారు, చాలామంది డాక్టర్లూ ఇదే అంటారు. దీని వెనక ఉన్నది ఫ్రాయిడ్ 1917లో రాసిన వ్యాసం. పోయినవారి మీది మమకారాన్ని పోగుపోగుగా విప్పుకుని ఇంకొకచోట పెట్టుకోవడమే శోకం చేసే పని అన్నాడాయన. విచిత్రం ఏమిటంటే ఆయనే 1920లో కూతురు సోఫీని పోగొట్టుకున్నాడు. కొడుకు పోయిన మిత్రుడు బిన్స్‌వాంగర్‌కు 1929లో ఉత్తరం రాస్తూ, ఆ ఖాళీ ఎప్పటికీ నిండదని, నిండకపోవడమే సరైనదని ఒప్పుకున్నాడు. వ్యాసం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది, ఉత్తరం ఎక్కలేదు. 1996లో క్లాస్, సిల్వర్‌మన్, నిక్‌మన్ కలిసి వెలువరించిన పుస్తకంతో గానీ ఆలోచన మారలేదు. పోయినవారితో బంధాన్ని తెంచుకోకుండానే కొత్త రూపంలో కొనసాగిస్తూ మనుషులు బాగుపడుతున్నారని వాళ్లు చూపారు. ఏటా పెత్రమాసనాడు పెద్దలకు బియ్యం ఇచ్చే మనకు ఇది కొత్త సంగతి కాదు. ఆస్పత్రి గదిలోకి రాగానే మాత్రం ఎందుకో మరిచిపోతాం.

బలమైన అభ్యంతరం మానసిక వైద్యం నుంచే వస్తుంది. వామిక్ వోల్కన్ అనే మానసిక వైద్యుడు 1970లలోనే ఇలాంటి వస్తువుల గురించి రాశాడు. తెమలని శోకంలో ఉన్నవాళ్లు పోయినవారి గడియారాన్నో బట్టనో పట్టుకుని వేలాడతారని, ఆ వస్తువు వాళ్లను శోకంలోనే కట్టేస్తుందని గమనించాడు. కాబట్టి గిటార్ ఇంట్లో ఉండటమే జబ్బు కాదా? వోల్కన్ చెప్పినదాన్ని చివరిదాకా చదవాలి. ఆయన రోగులు ఆ వస్తువును వాడేవాళ్లు కారు. తాళం వేసి దాచేవాళ్లు. తీసి చూడటానికి భయం, ఎక్కడుందో తెలియకపోతే అంతకన్నా భయం. సజ్జ మీది గిటార్ సరిగ్గా అదే. పైగా అలా దాస్తే అది భద్రంగా కూడా ఉండదు. రామగుండం ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది. రేకుల కింద, కప్పుకు దగ్గరగా ఇంకా ఎక్కువ ఉంటుంది. బిగించిన తీగల లాగుడుకు ఆ వేడిలో మెడ వంగుతుంది, బ్రిడ్జి దగ్గర జిగురు వదిలి లేస్తుంది. వానాకాలం తేమకు తీగలు తుప్పు పడతాయి. దోస్తు గుర్తని ముట్టకుండా ఉంచినది రెండు మూడేళ్లకు వాయించడానికి పనికిరాకుండా పోతుంది. అప్పుడు రెండో చావు చూసినంత పనవుతుంది.

బాగుపడినవాళ్ల గిటార్ చూస్తే కథ వేరే. మొదట బెల్టు పొట్టిదవుతుంది, ఎందుకంటే పోయినవాడు పొడగరి. తీగలు మారతాయి, అతని చెమట పట్టిన తీగలను తీసేయడం అందరికన్నా కష్టమైన పని, కొందరు వాటిని చుట్టచుట్టి సంచి జేబులో పెట్టుకుంటారు. అతని గొంతుకు తగ్గట్టు అర మెట్టు కిందికి దించిన శ్రుతిని వీళ్లు తమ పాటగాడి గొంతుకు సరిచేసుకుంటారు. మూడో మెట్టు దగ్గర అతని వేలు పెట్టిన అరుగుడు మాత్రం అలాగే ఉంటుంది, తమ వేలు అక్కడే ఆనుతుంది. పోయినవాడి చేతికి అమరిన వస్తువును తమ చేతికి అమర్చుకునే ఈ పనిలో, అతను లేడన్న సంగతి ప్రతిసారీ కొంచెం కొంచెంగా ఒప్పుకోవాల్సి వస్తుంది. అతను ఉన్నాడన్న సంగతి కూడా అంతే. స్ట్రోబ్, షూట్ అనే ఇద్దరు 1999లో చెప్పిన నమూనా ప్రకారం ఆరోగ్యకరమైన శోకం పోయినదాన్ని తలుచుకోవడానికీ, మిగిలిన బతుకును సర్దుకోవడానికీ మధ్య అటూ ఇటూ తిరుగుతుంది. ఒక పాట వాయించే వ్యవధిలోనే ఆ తిరగడం జరగడాన్ని గిటార్ వీలు చేస్తుంది. గోడకు వేసిన దండ చేయలేని పని ఇది.

మరో అభ్యంతరం ఉంది, అది తర్కానికి సంబంధించింది. బాగున్నవాడే వాయిస్తాడు, బాగాలేనివాడు వాయించలేడు, మీరు ఫలితాన్ని చూసి కారణం అంటున్నారు అని ఎవరైనా అంటే తోసిపుచ్చలేను. క్లినిక్‌లో చూసినవాటికి ఆ పరిమితి ఎప్పుడూ ఉంటుంది. కానీ మనసు బాగుపడ్డాక పని మొదలుపెడదామని ఎదురుచూడటం కన్నా పని మొదలుపెడితే మనసు వెంట వస్తుందన్న సూత్రానికి గట్టి ఆధారాలున్నాయి. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన తీవ్రమైన డిప్రెషన్ రోగుల మీద ఈ సూత్రంతోనే చికిత్స జరిపారు. చికిత్స చేసింది మానసిక వైద్యులు కారు, శిక్షణ పొందిన స్థానికులు. ఫలితం బాగుందని 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. అది డిప్రెషన్‌కు సంబంధించింది, శోకానికి కాదు, ఆ తేడా పాటించాలి. అయినా వారానికోసారి గిటార్ దించి శ్రుతి చేయమని చెప్పడానికి అది చాలు. ఈ సలహాతో చాలామందికి పోయేదేమీ లేదు, గ్యాసు మాత్రలంత ఖర్చు కూడా కాదు.

పోయినోళ్ల వస్తువు ఇంట్లో ఉంటే అరిష్టమనే మాట ఉంది. పడుకున్న మంచం, కట్టిన బట్ట విషయంలో ఆ పట్టింపు పాటించే ఇళ్లలోనే తాత వాడిన నాగలి, మగ్గం, కంసాలి సుత్తి తరాలు తరాలుగా వాడుకలో ఉంటాయి. పనిముట్టుకు మన దగ్గర ఎప్పుడూ మైల లేదు, గిటార్ కూడా పనిముట్టే. ఇంకొకరు 'పాట ఉంది కదా, గిటార్ ఎందుకు' అంటారు. గూడ అంజయ్య 2016లో పోయారు, గద్దర్ 2023లో పోయారు. వాళ్ల పాట పాడటానికి ఎవరికీ వీలునామా అక్కర్లేదు, అది ఊరందరిదీ. పేరు లేని బ్యాండులో తీగలు మీటినవాడి సంగతి అలా కాదు. అతను రాసిన పాటా ఉండదు, రికార్డూ ఉండదు, మిగిలేది ఒక్క వాద్యమే. కాకపోతే భార్యకు డబ్బు అవసరమై దాన్ని అమ్మాలనుకుంటే అది ఆమె హక్కు, అందులో స్నేహితుల మనోభావాలకు చోటు లేదు. తోటివాళ్లు తలా కొంత వేసుకుని సరైన ధరకు కొనడమే మర్యాద.

అయితే గిటార్ దించమని అందరికీ చెప్పకూడదు. ప్రమాదాల్లో పోయినవాళ్ల తోటివాళ్ల సంగతి వేరు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయారు. ఆ పేరెత్తితే ఇప్పటికీ మౌనం వహించే మనుషులున్నారు. షిఫ్టు మార్చుకున్నందుకు తాను బతికాడని, అతను పోయాడని లోపల కుమిలేవాడికి ఆ గిటార్ శబ్దం ప్రమాదాన్నే మళ్లీ కళ్లముందు పెడుతుంది. అతనికి ముందు కావాల్సింది నిపుణుడి చికిత్స. రాత్రి సీసా ముందు పెట్టుకుని ఒంటరిగా అదే పాట పదే పదే వాయించేవాడిని చూసి 'వాయిస్తున్నాడుగా' అని సంతోషించకూడదు. అందుకే ఎవరితో కలిసి అన్న ప్రశ్న ముఖ్యమని మొదట్లో అన్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన ఐసీడీ-11 అనే రోగాల వర్గీకరణలో దీర్ఘశోకం ఒక రుగ్మతగా చేరింది. కనీసం 6 నెలలు దాటాలి, సంప్రదాయం ఒప్పుకునేదానికన్నా తీవ్రంగా ఉండాలి, రోజువారీ పని చెడిపోవాలి. అమెరికా మానసిక వైద్యులు పెద్దలకు 12 నెలలు పెట్టారు. ఈ గీతలు దాటినవాడికి గిటార్ చికిత్స కాదు, చికిత్సకు తోడు మాత్రమే.

ఒకప్పుడు లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. రిటైరైనవాళ్లు క్వార్టరు ఖాళీ చేసి సొంతూళ్లకు పోతున్నారు, బ్యాండులు పలచబడుతున్నాయి. ఒక గిటార్ చుట్టూ కూడే మనుషులు ఏటేటా తగ్గుతున్నారు కాబట్టి వాళ్లు ఉన్నప్పుడే దాన్ని దించి మోగించాలి. తోటి డాక్టర్లకు నా విన్నపం ఒక్కటే: కారణం దొరకని దడ, నిద్రలేమి వచ్చినప్పుడు ఇంట్లో ఎవరు పోయారని అడిగి ఊరుకోకండి, బ్యాండులో, భజనలో, గ్యాంగులో ఎవరు పోయారని కూడా అడగండి. పోయినవాడి ఇంటివాళ్లు వాద్యాన్ని అమ్మేముందు అతని తోటివాళ్లకు ఒక ఫోను చేయండి. సజ్జ మీద గిటార్ ఉన్నవాళ్లు ఎండాకాలం రాకముందే దించి తీగలు వదులు చేయండి. దాన్ని చూస్తేనే ఊపిరాడనట్టు ఉంటే 14416కు ఫోను చేయవచ్చు. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు, నైట్ షిఫ్ట్ దిగాక చేసినా ఎత్తుతారు.