మలావి పల్లెలో మూడు వారములు

ఆఫ్రికా యనగానే మనకు సింహములును, ఏనుగులును, కారడవులును తలపునకు వచ్చును. ఆ ఖండమునందలి మలావి దేశమున ఒక పల్లెటూరి యింట నేను మూడు వారములు గడపితిని. సింహము నొక్కదానినైనను చూడలేదు. చూచినది ఒక యిల్లాలిని. ఆమె సంసారమును గూర్చి నాలుగు మాటలు మీకు చెప్పదలచితిని.

మలావి ఆగ్నేయాఫ్రికాలో అదే పేరుగల పెద్ద సరస్సు నానుకొనియున్న చిన్న దేశము. 1964లో ఆంగ్లేయుల పాలననుండి స్వతంత్రమైనది. మా వారి యుద్యోగ రీత్యా మేము రాజధానియగు లిలాంగ్వేలో నుంటిమి. అచ్చటి చిచేవా భాష నేర్చుకొనగోరి నేను ఫిబ్రవరి మాసమున డెడ్జా జిల్లాలోని యొక పల్లెకు పోయితిని. ఆ యింటి పెద్దను అందరును ‘అమాయి’ యని పిలుచుచుండిరి. ఆ మాటకు అమ్మ యని యర్థము. పాఠశాలలో పంతులమ్మగా నున్న యామె కుమార్తె మా యిరువురకు దుబాసి.

ఇల్లు అమాయిదే. చెవా జాతివారు వంశమును తల్లివైపున లెక్కింతురు. పెండ్లియైన పిదప వరుడు వధువు పల్లెకు వచ్చి కాపురముండుట పూర్వాచారము. భూమియు తల్లినుండి కుమార్తెలకు వచ్చును. ఇల్లరికపుటల్లుడన్న మనకు చులకన. వారిలో అల్లుండ్రందరును ఇల్లరికమువారే! అట్లని పెత్తనమంతయు స్త్రీలదే యనుకొనరాదు. తగవులు తీర్చుటలో మేనమామ మాటకు విలువ యెక్కువ.

తెల్లవారుజామున వాకిలి యూడ్చు చప్పుడునకు నాకు మెలకువ వచ్చెడిది. ముగ్గొక్కటి తక్కువగాని, అది మన వాకిలియే యనిపించెడిది. తరువాత బకెట్లతో చేతిపంపు కడకు పోవుట. స్త్రీలు నడుమునకు చిటెంజి యను రంగురంగుల గుడ్డ చుట్టుకొని, చంటిబిడ్డలను అట్టి గుడ్డతోనే వీపున కట్టుకొని, నిండు బకెట్టును తలపై చేయి యానింపకయే మోయుదురు. నేను ప్రయత్నించి సగము నీరు నా చీరపైననే పోసికొంటిని. ఆ నవ్వులతో ఊరివారందరును నాకు చుట్టములైరి.

వారి ముఖ్యాహారము న్సిమా. తెల్లని మొక్కజొన్న పిండిని మరుగు నీటిలో పోసి, కొయ్య తెడ్డుతో బలముగా కెలికి, తడి గరిటెతో ముద్దలుగా తీయుదురు. మన రాయలసీమ సంకటికి తోబుట్టువే. గుమ్మడి యాకును వేరుసెనగ పొడితో ఉడికించిన కూరగాని, చిక్కుడు గింజలుగాని దానికి నంజుడు. భోజనమునకు ముందు ఇంటిలో చిన్నవారు అందరి చేతులపై నీరు పోయుదురు. పురుషులకు వేరుగా వడ్డించి, స్త్రీలును పిల్లలును ఒకచోట చాపపై కూర్చుండి తిందురు. నాకు మాత్రము అతిథినని గదిలో వేరుగా పెట్టుచుండిరి.

పది దినములు రెండుపూటల న్సిమా సుష్ఠుగా తింటిని. ఒకనాటి రాత్రి పళ్లెము తిరిగి యిచ్చుటకై వంటపాకకు పోయితిని. అచ్చట అమాయియు, మనుమలును తవుడు కాచిన జావ త్రాగుచుండిరి. దానితో ఉడికించిన గుమ్మడికాయ ముక్కలు రెండు. న్సిమా యెచ్చటను లేదు.

అప్పుడు నాకు పెరటిలోని గాదె జ్ఞప్తికి వచ్చెను. తడికతో అల్లి, గుంజలపై నిలిపిన యా గాదెను నేను దినదినమును చూచుచునే యుంటిని. లోపల ఏమున్నదో తొంగిచూడనైతిని. మొక్కజొన్న నవంబరు వానలకు విత్తి, ఏప్రిలు, మే మాసములలో కోయుదురు. పాత గింజలు తీరి, క్రొత్తవి చేతికి రాని జనవరి, ఫిబ్రవరి నెలలే వారికి ఆకలి నెలలు. 2002లో ఆ కరవు మిక్కిలి ముదిరి దేశమున ఎందరో మరణించిరి. అట్టి నెలలో నేను అతిథినై వచ్చితిని!

పిండి కొని తెత్తునని కుమార్తెతో చెప్పితిని. ఆమె తల యూచి, “అన్నమునకు వెల కట్టినట్లగును. అమ్మ చిన్నబుచ్చుకొనును” అనెను. రాత్రియంతయు నిద్ర పట్టలేదు. ఉదయమున అమాయి కడ కూర్చుండి, “అమ్మా, మా దేశమున పుట్టింటికి వచ్చిన కూతురు వట్టి చేతులతో రాదు. నేను మరచి వచ్చితిని. దిద్దుకొననిండు” అంటిని. ఆమె చాలసేపు నా ముఖము చూచి, పిదప పకపక నవ్వి, “కూతురివైన వంటపాకలోనే తినవలెను” అనెను.

నాడు మేమిద్దరము పిండిమరకు పోతిమి. ఆ రాత్రినుండి అందరికిని ఒకే కుండ, నాకును చాపపై చోటు. వాడియైన చిన్న కత్తిని తెచ్చువాడే అతిథి యని వారిలో నొక సామెత కలదు. ఇంటివారికి తెగని చిక్కును క్రొత్తగా వచ్చినవాడు తెంపునని భావము. పొరుగింటి ముసలమ్మ ఆ సామెత నాకు చెప్పెను. ఆ కత్తి నాకు ఆ యింటనే దొరికినదని యామెకు చెప్పలేకపోతిని.

మార్చి మొదట నేను బయలుదేరితిని. అతిథిని కొంతదూరము సాగనంపుట వారి మర్యాద. అమాయి రోడ్డువరకు నడచి వచ్చి, ఆ యేట మొదట విరిచిన పచ్చి కండెలు నాలుగు నా సంచిలో పెట్టెను. వలదనుటకు నోరు రాలేదు. కూతురు వలదనరాదు గదా! మన మీరు, నీవు అను భేదము చిచేవాలోను కలదు. వచ్చిన దినమున నన్ను మీరని పిలిచిన యా తల్లి, నాడు “నీవు మరల రమ్ము” అనెను.