అమ్మాయితో బోధన్ దాకా

మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. సెలవుల్లో బోధన్‌లోని ఒక స్వచ్ఛంద సంస్థలో నెల రోజులు ఇంటర్న్‌షిప్ చేస్తానంది. "జీతం లేదు, పాడు లేదు, ఎందుకే ఈ ఎండల్లో?" అన్నాను. మా వారు మాత్రం "పోనీలే, లోకం తెలుస్తుంది" అన్నారు. ఒక్కదాన్నే పంపడానికి మనసొప్పక మొదటి రోజు నేనూ బయల్దేరాను.

నిజామాబాద్ బస్టాండులో పల్లెవెలుగు ఎక్కాం. 2023 డిసెంబరు నుంచి మనకు టికెట్టు లేదు కదా, ఆధార్ చూపిస్తే సరి. జానకంపేట, ఎడపల్లి దాటి ఓ గంటలో బోధన్ చేరాం. నిజాంసాగర్ నీళ్ళు పారే నేల, ఎటు చూసినా పచ్చదనమే. కానీ నా చిన్నప్పుడు రోడ్డు పొడుగునా కనిపించే చెరుకు బండ్లు ఇప్పుడేవీ? 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ వల్లే ఆ పేటకు శక్కర్‌నగర్ అన్న పేరొచ్చింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. చెరుకు మళ్ళలో వరి వచ్చింది. ఫ్యాక్టరీ జీతం మీద నడిచిన ఇళ్ళెన్నో చితికిపోయాయి.

సంస్థవాళ్ళు మమ్మల్ని బీడీలు చుట్టే ఆడవాళ్ళుండే వాడకు తీసుకెళ్ళారు. ప్రతి అరుగు మీదా ఒళ్ళో చాట, అందులో కత్తిరించిన తునికాకు, తంబాకు. మాట్లాడుతూనే ఉంటారు, వేళ్ళు మాత్రం ఆగవు.

మా అమ్మాయి కాగితం, పెన్ను తీసి ప్రశ్నలు మొదలుపెట్టగానే ఒక పెద్దావిడ నవ్వింది. "బిడ్డా, పోయినేడు ఇద్దరొచ్చి రాసుకున్నరు. అంతకు ముందేడు ముగ్గురొచ్చిన్రు. ఫోటోలు గూడ తీసిన్రు. మల్ల ఒక్కలు రాలే. నువ్వు రాసుకుంటె నాకేమొస్తది?"

అమ్మాయి ముఖం చిన్నబోయింది. నాకూ సిగ్గేసింది. కాసేపటికి అదే అడిగింది, "అమ్మమ్మా, నీకేం కావాలో చెప్పు" అని. ఆవిడ లోపలికెళ్ళి ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చింది. అందులో పీఎఫ్ కాగితాలు, ఆధార్ కార్డు. ఒకదాంట్లో పేరు ఒక రకంగా ఉంది, ఇంకోదాంట్లో ఇంకో రకంగా. పుట్టిన సంవత్సరమూ కలవలేదు. బీడీ పనివాళ్ళకు పీఎఫ్ ఉంది. పదేళ్ళ సర్వీసుంటే 58 ఏళ్ళకు పింఛను కూడా రావాలి. అక్షరం తేడాతో ఆ సొమ్ము ఆగిపోతుంది. ఎవరిని అడగాలో ఆవిడకు తెలియదు.

సంస్థవాళ్ళతో మాట్లాడి మా అమ్మాయి ఆ నెలంతా అదే పని చేసింది. ఇంటింటికీ వెళ్ళి కాగితాలు చూసి, ఏ తప్పు ఎక్కడ దిద్దించాలో ఒక నోటుబుక్కులో రాసింది. కొందరితో మీసేవకు కూడా వెళ్ళింది. అన్నీ అయ్యాయని చెప్పను, కొన్ని ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వచ్చే ముందు ఆ నోటుబుక్కును సంస్థలోనే ఇచ్చి వచ్చింది, తర్వాత వచ్చే పిల్లలు మళ్ళీ మొదటినుంచి అడగకుండా.

పిల్లలు సేవకు వెళ్ళడం కొత్తదేం కాదు. గాంధీగారి శతజయంతి సంవత్సరం 1969లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్‌లో ఏడాదికి 120 గంటలు పనిచెయ్యాలి. ఇప్పుడు ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్టు కోసం చాలామంది వెళ్తున్నారు. వెళ్ళనివ్వండి. కానీ పంపేముందు మూడు మాటలు అడగండి: అక్కడ రోజూ చేసే పనేమిటి? చెప్పేవాళ్ళు పక్కనుంటారా? నువ్వు వచ్చేశాక ఆ పని ఎవరు చూస్తారు? సాయంత్రం ఇంటికి చేరే బస్సు వేళ కూడా కనుక్కోండి మరి!

నెలాఖరున ఆ పెద్దావిడ మా అమ్మాయికి కొంగున కట్టుకున్న బెల్లం ముక్క తీసి ఇచ్చిందట. సర్టిఫికెట్టు బీరువాలో ఉంది. బెల్లం మాత్రం ఇంటిల్లిపాదీ తలా కాస్త తిన్నాం.