నొక్కితే పేలాలె

మన మెకానికల్ బ్రాంచోళ్లకు స్ప్రింగ్ అంటే హుక్స్ లా, పది మార్కుల ప్రశ్న. మా పెద్దబాపుకు అది ప్రాణం మీది ముచ్చట. ఆయన కానిస్టేబుల్‌గా చేసి రిటైరై, ఇప్పుడు సుల్తానాబాద్‌లో ఉంటున్నడు.

దీపావళి సెలవులకు పోయినప్పుడు ఆయనకొక వీడియో చూపించిన. అందులో ఒకాయన రివాల్వర్ ఇప్పి, లోపలి స్ప్రింగులు తీసేసి మెత్తటివి వేసి, ట్రిగ్గర్ వెన్నలెక్క అయిందని మురిసిపోతడు. ఆయన బాధ నాకు అర్థమైంది. ట్రిగ్గర్ గుంజుడుతోనే సుత్తి లేచి పడే రివాల్వర్‌కు మామూలుగా నాలుగైదు కిలోల బలం కావాలె. చాలా రివాల్వర్ల బరువు కిలో కూడా ఉండదు. 2014లో కాన్పూర్ ఫ్యాక్టరీ ఆడవాళ్ల కోసమని తెచ్చిన 'నిర్భీక్' అయితే అరకిలోనే. తేలికైన దాన్ని గట్టిగా గుంజితే గురి కదలకుంట ఎట్లుంటది?

"మరి స్ప్రింగ్ మార్చుడు మంచిదే కదా పెద్దబాపూ?" అన్న.

ఆయన జవాబు చెప్పలేదు. మనవని రీళ్ల తుపాకి స్క్రూలు ఇప్పి, దాని స్ప్రింగ్ బదులు పెన్ను స్ప్రింగ్ పెట్టిచ్చిండు. ట్రిగ్గర్ ఎంత హాయిగుందో! కానీ ఆరుసార్లు నొక్కితే రెండే పేలినయ్. మిగతావన్నీ టక్, టక్.

"రాత్రి గస్తీల గా టక్ ఇనవడితే ఎట్లుంటదో ఎరికేనా బిడ్డా?" అన్నడు. అడవుల డ్యూటీ చేసిన ఆ రోజుల గురించి మా ఇంట్ల ఎవ్వరం ఆయన్ను అడగం.

లెక్క సులువే. వేలు పెట్టిన శక్తిని స్ప్రింగ్ దాచుకుంటది. అదే సుత్తిని ముందుకు కొట్టి తూటా వెనకున్న క్యాప్‌ను మండిస్తది. స్ప్రింగ్ మెత్తబడితే వేలికి సుఖం, దెబ్బకు నష్టం. ట్రిగ్గర్‌ను తిరిగి ముందుకు తోసే ఇంకో స్ప్రింగ్ ఉంటది. అది మరీ మెత్తదైతే ట్రిగ్గర్ సరిగ్గా తిరిగి రాదు. లోపలి భాగాలు రాసుకునే చోట నున్నగా ఉంటే మాత్రం, అదే స్ప్రింగ్ తేలికనిపిస్తది. ఆ పని కూడా ఇంట్ల కూసొని చేసేది కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి మరమ్మతుకూ లైసెన్సు ఉండాలె.

ఆటలోనూ హద్దుంది. 25 మీటర్ల పిస్టల్ పోటీలో ట్రిగ్గర్‌కు కిలో బరువు తగిలించి చూస్తరు. ఆ బరువుకే అది పడిపోతే ఆ పిస్టల్ పనికిరాదు. మన హైదరాబాద్ ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఆ పోటీలో వెండి పతకం గెలిచింది, ఆ కిలో బరువు ట్రిగ్గర్‌తోనే.

మెషీన్ డిజైన్ పేపర్లో స్ప్రింగ్ లెక్క వస్తే నేను చేస్తా. అయితే అది ఎవరి చేతిలో, ఎసువంటి రాత్రి పనిచెయ్యాలెనో ఆ ప్రశ్నలో ఉండదు. అది మనమే అడుక్కోవాలె.