అమ్మ సంతకం

మా అమ్మమ్మగారి ఊరు మైలవరం. ఈ మాట అంటే చాలు, నోట్లో చిన్న రసం తీపి, ముక్కుకి ఆవపిండి ఘాటు ఒకేసారి తగుల్తాయి నాకు. మీకూ ఇలాంటి ఊరొకటి ఉండే ఉంటుంది.

అమ్మమ్మ పోయాక మళ్ళీ అటు వెళ్ళలేదు. ఏడేళ్ళయింది. మొన్న వేసవిలో అమ్మని తీసుకుని వెళ్ళాను. ఈసారి సెలవులకి కాదు, సంతకానికి. మావయ్య ఇల్లు అమ్మేస్తున్నాడు. ఇల్లు తాతయ్య పేర ఉంది. ఆయన వీలునామా రాయకుండానే పోయారు. కొనేవాళ్ళు బయానా ఇచ్చారు కానీ, చెల్లెలు హక్కు వదులుకున్నట్టు రాసిస్తే తప్ప మిగతా డబ్బు ఇవ్వమన్నారట.

"పెట్టేసొద్దాం పదవే" అంది అమ్మ, పక్కింటికి పేరంటానికి వెళ్ళొద్దాం అన్నంత తేలిగ్గా.

చిన్నప్పుడు గుడివాడ నుంచి బెజవాడ వచ్చి, అక్కడ బస్సు మారేవాళ్ళం. ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనపడగానే తమ్ముడూ నేనూ కిటికీ కోసం కొట్టుకునేవాళ్ళం. కొండపల్లి కొండ దాటి, జి.కొండూరు దాటితే మాకు వేరే దేశం వచ్చినట్టే. మా గుడివాడ వైపు కాలవలు, వరిచేలు, నల్లమట్టి. ఇక్కడ ఎర్రమట్టి, గుట్టలు, ఎటు చూసినా మామిడితోటలు. ఇప్పుడూ అదే దారి. నాకు కిటికీ పక్కన సీటు దొరికింది, కొట్టుకోవడానికి తమ్ముడే లేడు.

ఇల్లు అలాగే ఉంది. మంగుళూరు పెంకులు, ముందు అరుగు, వసారా, వెనక దొడ్లో గిలక బావి. బావి మీద ఇప్పుడు ఇనప జల్లెడ వేశారు. మేం పిల్లలం ఆ వసారాలో గడ్డి పరిచి ముగ్గేసిన మామిడికాయల వాసన పీలుస్తూ పడుకునేవాళ్ళం. పండిందో లేదో అని నొక్కి చూసి అమ్మమ్మ చేత చీవాట్లు తినేవాళ్ళం. ఆవకాయ రోజైతే ఇల్లంతా పండగే. మగవాళ్ళు కత్తిపీట దగ్గర కాయలు కొడుతుంటే మేం పాత గుడ్డలతో ముక్కలు తుడిచి, జీడి తీసేవాళ్ళం. చివర్న ఆవకాయ కలిపిన పళ్ళెంలో వేడన్నం వేసి, నూనె పోసి, తలా ఒక ముద్ద పెట్టేది అమ్మమ్మ. ఇవన్నీ నేను మా పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఈసారి మాత్రం నేను ఎప్పుడూ నిలబడని చోట నిలబడ్డాను. వంటింట్లో.

అబ్బ, ఎంత చిన్నదో! ఒక్కటే కిటికీ, అదీ నా భుజం కిందకే. పొగకి దూలాలు ఇప్పటికీ నల్లగానే ఉన్నాయి. మే నెల ఎండలో, కట్టెల పొయ్యి ముందు, పదిహేను మందికి రెండు పూటలా వండింది అమ్మమ్మ. మేం వసారాలో గాలికి పడుకుని 'స్వర్గం' అనుకున్న రోజులన్నీ ఆవిడ ఇక్కడ ఉంది.

తలుపు వెనక గోడ మీద సున్నం పెచ్చు ఊడింది. దాని కింద బొగ్గు గీతలు. నాలుగు నిలువు గీతలు, వాటికి అడ్డంగా ఒకటి.

"పాల లెక్క" అంది అమ్మ వెనక నుంచి. "రెండు గేదెలుండేవి. అయిదిళ్ళకి పోసేది అమ్మ. ఈ గచ్చు ఆ డబ్బులతోనే చేయించింది. వసారా కూడా."

నాకు తెలియదు. నలభై మూడేళ్ళొచ్చాయి, నాకు ఇష్టమైన ఆ వసారా పాల డబ్బుతో కట్టిందని ఎవరూ చెప్పలేదు. కాయితాల్లో మాత్రం ఆవిడ పేరెక్కడా లేదు.

అసలు ఆ సంతకం సంగతి నాకు మొదటినుంచీ నచ్చలేదు. బయల్దేరే ముందు నాకు తెలిసిన లాయరుగారిని అడిగాను. వీలునామా లేకుండా పోయిన తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉందట, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం నుంచే. కాకపోతే కుటుంబం కాపురం ఉండే ఇంటిని మగపిల్లలు పంచుకుందామనే దాకా ఆడపిల్ల అడగకూడదని అందులో ఒక మెలిక. ఆ మెలికని 2005లో తీసేశారు. పిత్రార్జితంలో వాటా సంగతి వేరు. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం 1985 నుంచి ఆడపిల్లలకి ఆ హక్కు ఇచ్చింది కానీ, అప్పటికే పెళ్ళయిపోయిన మా అమ్మలాంటి వాళ్ళకి కాదు. 2005లో దేశమంతటికీ చేసిన సవరణతో పెళ్ళయిన వాళ్ళకీ వచ్చింది. ఈ ఇల్లు తాతయ్య స్వార్జితం కాబట్టి అమ్మకి ఎలా చూసినా సగం వాటా ఉంది.

ఇదంతా బస్సులో చెప్తే అమ్మ విని, "వాటా తీసుకుంటే రేపు నేను చుట్టాన్నయిపోతానే" అంది.

"ఇల్లే అమ్మేస్తుంటే ఇంకెక్కడి పుట్టిల్లమ్మా?"

"పుట్టిల్లంటే ఇల్లా? మనుషులు. నాలుగేళ్ళు మంచంలో ఉన్న అమ్మని వాళ్ళు చూసుకున్నారు. నేనేం చేశాను, పండక్కొక చీర పట్టుకెళ్ళడం తప్ప?"

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

అన్నాలు తింటుంటే మావయ్య ఉషారుగా చెప్పుకొచ్చాడు. 1998లో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చినప్పటి నుంచి ఊళ్ళో అద్దె గదులకి గిరాకీ అట. కొన్నవాళ్ళు ఇది పడగొట్టి మూడంతస్తులు లేపుతారట. తను బెజవాడలో కొడుకు దగ్గరకి వెళ్ళిపోతాడట.

"అమ్మ గుర్తుగా ఏమన్నా తీసుకెళ్ళమ్మా" అన్నాడు అమ్మతో.

"పాలు కొలిచే గిద్ద ఉండాలి, అదివ్వు చాలు."

అత్తయ్య మొహం చిన్నబోయింది. "పాత సామాన్లలో వేసేశాను అమ్మాయ్. తెలియలేదు" అంది.

చెయ్యి కడుక్కుని అత్తయ్య వెనకే వంటింట్లోకి వెళ్ళాను. కళ్ళు తుడుచుకుంటోంది. "ఫర్వాలేదత్తయ్యా, గిద్దకేముంది" అన్నాను.

"గిద్ద గురించి కాదే. ముప్పై రెండేళ్ళు ఈ పొయ్యి దగ్గరే ఉన్నాను. మీ అమ్మమ్మకి పక్క మార్చినా, ఒళ్ళు తుడిచినా నేనే. రేపు కోడలింటికి వెళ్ళి, కొత్తిమీర కట్ట కొనాలన్నా వాణ్ణి అడగాలి. మీ అమ్మ సంతకం కోసమైనా ఇంతమంది ఎదురు చూస్తున్నారు. నా సంతకం ఎవరికీ అక్కర్లేదు."

నిజమే కదా. నేను అమ్మ హక్కు గురించి అంత చదువుకుని వచ్చాను. భర్త బతికుండగా అత్తమామల ఆస్తిలో కోడలికి వాటా అంటూ ఏమీ ఉండదని నాకు తట్టనేలేదు.

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎంత విన్నదో తెలియదు.

కాసేపటికి మావయ్య కాయితాలు సర్దుకుని "పదండి, రిజిస్ట్రారాఫీసు మూసేస్తారు" అన్నాడు. అమ్మ అరుగు మీంచి లేవలేదు.

"అన్నయ్యా, నాకు రూపాయి వద్దు. కానీ అమ్మని చూసుకున్నది వదిన. నువ్వు కాదు. నా వాటాకి ఎంతొస్తే అంత వదిన పేర బ్యాంకులో వెయ్యి. ముందు బయానాలో సగం వెయ్యి. అది పడ్డాక కబురు చెయ్యి, వచ్చి సంతకం పెడతాను."

మా అమ్మ వాళ్ళన్నయ్యకి ఎదురు చెప్పగా నేను చూడటం అదే మొదటిసారి. గొంతు వణికింది కూడా. మావయ్య చాలాసేపు కాయితాల వంకే చూశాడు. "నేనూ అదీ వేరా?" అన్నాడు చివరికి. "వేరు కాకపోతే మరీ మంచిది, ఎవరి పేరైతేనేం" అంది అమ్మ. అత్తయ్య తలుపు చాటునే ఉండిపోయింది.

సంతకం పెట్టకుండానే సాయంత్రం బస్సెక్కాం. దారంతా అమ్మ మాట్లాడలేదు. కొండపల్లి వచ్చాక మాత్రం "తప్పు చేశానంటావా?" అని అడిగింది. కాదన్నాను.

మావయ్య అలిగాడు. పదకొండు రోజులు ఫోన్ లేదు. రోజూ మాట్లాడే మనిషి. అమ్మ ఫోన్ పక్కన పెట్టుకుని పడుకునేది. ఎంత పెద్ద పని చేసిందో నాకు అప్పుడే తెలిసింది. చట్టంలో రాసిన హక్కు అడగడానికి ఖర్చయ్యేది డబ్బు కాదు, ఇదిగో, ఈ నిద్ర.

పన్నెండో రోజు అత్తయ్య దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ. పైన అత్తయ్య ఫోటో, పక్కన ఆవిడ పేరు. కింద ఒక్క మాట కూడా రాయలేదు.

ఆ గురువారమే అమ్మ వెళ్ళి సంతకం పెట్టింది. మావయ్య ముభావంగానే ఉన్నాడట, కానీ బస్సెక్కించడానికి వచ్చి, సంచీలో రెండు డజన్ల చిన్న రసాలు పెట్టాడు.

ఇల్లు ఇప్పటికి పడగొట్టేసి ఉంటారు. వసారా పోయిందని నాకు దిగులుగానే ఉంది. ఇక మీదట పిల్లలకి ఆ ఇంటి కబుర్లు చెప్పేటప్పుడు మామిడికాయల దగ్గర మొదలుపెట్టను. తలుపు వెనక బొగ్గు గీతల దగ్గర మొదలుపెడతాను.