మంద్రనాదం – ఆవరణ నివృత్తి

మంద్రం హృదయంలోను, మధ్యమం కంఠంలోను, తారం శిరస్సులోను ఉద్భవిస్తాయని మన సంగీతశాస్త్రం చెబుతుంది. వరంగల్ నగరంలో హనుమకొండ ప్రాంతంలోని మా గృహంలో, కీర్తిశేషులైన తండ్రిగారి వాల్వు ఆంప్లిఫైయర్‌పై ఘంటసాలవారి భగవద్గీత రికార్డును ఆలకిస్తే, కొంతకాలంగా కంఠం మాత్రమే వినిపించేది. హృదయం వినిపించేది కాదు. కచేరీ రికార్డులలో మృదంగపు తొప్పినాదం దాదాపు లుప్తమయ్యేది. యంత్రానికి వార్ధక్యం వచ్చినదనీ, విక్రయించడమే ఉచితమనీ ఇంటివారు నిశ్చయించారు. తండ్రిగారు నిత్యం వినిన ధ్వని దానితోనే అంతరిస్తుందన్న చింత నన్ను విచారణకు పురికొల్పింది.

లేని నాదాన్ని కల్పించాలా, ఉన్న నాదానికి అడ్డు తొలగించాలా? రికార్డు ముద్రించేటప్పుడే మంద్రధ్వనులను తగ్గిస్తారు. లేనిచో గాడి మితిమీరి విస్తరిస్తుంది. 1954 నాటి ఆర్.ఐ.ఏ.ఏ. ప్రమాణం ప్రకారం, వినేటప్పుడు 1000 హెర్ట్జ్‌తో పోల్చితే 50 హెర్ట్జ్ ధ్వనిని సుమారు 17 డెసిబెల్లు తిరిగి పెంచాలి. అనగా నాదం గాడిలో నిక్షిప్తమై ఉన్నది. కొరత అది వెలువడే మార్గంలోనిది.

విచారణ స్థూలం నుండి సూక్ష్మానికి సాగాలి. ముందుగా స్పీకర్ల తీగలు: ఒకదానికి ధన, ఋణ కొనలు తారుమారైతే రెండింటి మంద్రతరంగాలు పరస్పరం రద్దవుతాయి. మావి సరిగానే ఉన్నవి. పిదప కండెన్సర్లు. వాల్వు కాథోడ్ వద్ద ఉండే ఎలెక్ట్రోలైటిక్ కండెన్సర్ దశాబ్దాలలో ఎండిపోతుంది. దాని ధారణశక్తి క్షీణించినప్పుడు మొదట తగ్గేది మంద్రమే. మా యంత్రంలో జరిగినది ఇదే. అనుభవజ్ఞుడైన రేడియో మెకానిక్ వాటినీ, విద్యుత్తును వడపోసే పెద్ద కండెన్సర్లనూ మార్చారు. వాల్వుల నడుమనున్న 0.01 మైక్రోఫారడ్ కండెన్సర్, 470 కిలో ఓమ్‌ల నిరోధంతో కూడి, సుమారు 34 హెర్ట్జ్‌కు దిగువ ధ్వనులను అణచివేస్తున్నది, 0.022 అమర్చగా ఆ హద్దు 15కు దిగింది. తొప్పినాదం తిరిగి వచ్చింది. విక్రయ ప్రస్తావన నిలిచిపోయింది.

అంతకుమించి పెంచవలదన్నాను. ద్వారం అతిగా తెరిస్తే రికార్డు ప్లేయర్ మోటారు గురగుర కూడా ప్రవేశిస్తుంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఆ భారం వహించలేక ధ్వని వికృతమవుతుంది. మరొక హెచ్చరిక: స్విచ్ ఆపినా వడపోత కండెన్సర్లలో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు, కర్మ విరమించినా వాసనలు నిలిచినట్లు. శిక్షణ లేనివారు పెట్టె తెరువరాదు.

మోక్షం క్రొత్తగా ఉత్పన్నమయ్యే ఫలం కాదనీ, ఆవరణ తొలగగా స్వతఃసిద్ధమైనదే ప్రకాశిస్తుందనీ అద్వైతం బోధిస్తుంది. టోన్ మీటను త్రిప్పి గర్జన సృష్టించడం సులభం. ఎండినదానిని వెదకి తొలగించడమే శ్రమ. కనుక శ్రవణం నిస్సారమని తోచినప్పుడు, సాధకుడు నూతనోపదేశాన్ని అన్వేషించడానికి ముందు, తనలో ఎండిపోయినది ఏదో పరిశీలించుకొనుట మేలు.